గడ్డకి వేళ్ళొచ్చాయా?

జూన్ 6

మామయ్యా,

చేరాను. బస్సు దిగగానే ఫోన్ చేస్తే "ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది, ఏదున్నా రాసి పంపు" అని పెట్టేశావు. ముందు అరిచింది నువ్వే, గుర్తుంచుకో. ఫోనెత్తితే పోట్లాటేనని, మనిద్దరం దాన్ని ముట్టుకోకూడదని అత్తయ్య కూడా తీర్పు చెప్పింది. అందుకని రాస్తున్నాను.

గదిలో మంచం, కిటికీ, గోడకి ఒక మేకు ఉన్నాయి. ఇంతకంటే నాకేం కావాలి? ఇక్కడి చేపల ప్రదర్శనశాలలో జనం చూసే వైపు చల్లగా, చీకటిగా, అందంగా ఉంటుంది. నేను పనిచేసేది దాని వెనక వైపు. పైపులు, మోటార్ల రొద, ఎప్పుడూ తడిగా ఉండే నేల, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. పొద్దుటి నుంచి అద్దాలకి పట్టిన నాచు గీకుతున్నాను. సంతోషంగా గీకుతున్నానని కూడా రాసుకో.

ఇప్పుడు అసలు సంగతి. మన ఇంటి హాల్లో నేను పెట్టి వచ్చిన చేపల తొట్టిలో ఉన్నది మామూలు మొక్క కాదు మామయ్యా. అది పెరిగే వాగు ఒక్కటే ఉండేది, దాన్ని పూడ్చి మీద రోడ్డు వేశారు. నర్సరీ ఆయన కొట్టు మూసేస్తూ తన దగ్గర మిగిలిన ఒక్క గడ్డనీ నా చేతిలో పెట్టాడు. తవ్వేటప్పుడే వేళ్ళన్నీ తెగిపోయాయి, కొత్తవి రావాలి. శిక్షణలో ఉన్నవాళ్ళు బయటి మొక్క లోపలికి తేకూడదని ఇక్కడ రూలు, లేకపోతే నీకు అప్పగించేదాన్నా? శిక్షణ అయ్యాక పని నచ్చితే ఒక తొట్టి పూర్తిగా మనకే ఇచ్చేస్తారు. ఏం పెంచాలో మన ఇష్టం. ఆ గడ్డే పెడతానని సూపర్‌వైజరమ్మకి మొదటి రోజే చెప్పేశాను.

గడ్డ సగం గులకరాళ్ళ పైనే ఉండాలి. ఉల్లిపాయలా ఉందని మెడ దాకా పూడ్చావంటే కుళ్ళిపోతుంది. కొళాయి నీళ్ళు బకెట్లో పట్టి ఉంచి మర్నాడు పొయ్యి. లైటు పొద్దున వేసి సాయంత్రం ఆపు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను, ఇక నీ దయ.

వేళ్ళొచ్చాయో లేదో మాత్రం ప్రతి ఉత్తరంలోనూ రాయి.

నీ గడుగ్గాయి

జూన్ 15

గడుగ్గాయికి,

నీ ఉత్తరం అందింది. చదివి అర్థం చేసుకున్నాను. నేను అరవలేదు. నా గొంతే అంత.

తొట్టి చూసే బాధ్యత తీసుకున్నాను. నీళ్ళు, లైటు నువ్వు చెప్పినట్టే జరుగుతున్నాయి. గడ్డ సగం పైనే ఉంది. వేళ్ళ విషయం: రెండు మొలకలు కనిపించాయి, తెల్లగా, వడ్లగింజంత. ఆకులు ఐదు, జడ విప్పిన రిబ్బన్లలా మెలికలు తిరిగి ఉన్నాయి. ఉన్నదున్నట్టు రాశాను.

ఇక్కడి విశేషాలు. మన బిల్డింగు లిఫ్టుకి నేనే సీలు వేశాను. రోప్‌లో తీగలు తెగి ఉంటే చూస్తూ ఊరుకోమంటావా? ఊళ్ళో లిఫ్టులన్నీ తనిఖీ చేసేవాణ్ణి, నా ఇంటి లిఫ్టుకి కళ్ళు మూసుకుంటే రేపు నా సంతకానికి విలువేముంది? ఇప్పుడు నాలుగంతస్తులూ అందరూ మెట్లెక్కుతున్నారు. మిగతావాళ్ళు ఇంటికి చేరాక తలుపులేసుకుని తిడుతున్నారు, మీ అత్తయ్య మాత్రం రెండో అంతస్తులోనే ఆగి తిడుతోంది. ఆవిడ మోకాళ్ళకి పుణ్యం వస్తుందని చెప్పాను. అప్పట్నించీ మాట్లాడడంలేదు, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మా ఆఫీసులో రికార్డుల సీటు ఖాళీ అయింది. కుర్చీ, ఫ్యాను, పక్కనే కిటికీ. నీకోసం అట్టే పెట్టమని మా పెద్దాయనతో చెప్పాను, ఏడాది చివరిదాకా ఆపుతానన్నారు. నాచు గీకడానికి నిన్ను అంత చదివించలేదు. ఆలోచించు.

బూట్లు తడిస్తే పక్క జత ఉందా? రాత్రి తలుపు గడియ సరిగ్గా పడుతోందా? ఆ సూపర్‌వైజరమ్మ ఎలాంటి మనిషి?

మామయ్య

జూలై 2

మామయ్యా,

గడియ పడుతోంది. బూట్లు రెండు జతలు. సూపర్‌వైజరమ్మ మనిషే. ఉత్తరం చివర నువ్వడిగే ప్రశ్నలకి జవాబు రాయడానికే నాకు సగం కాగితం అయిపోతోంది.

రికార్డుల సీటు ఊసు మళ్ళీ ఎత్తకు. నాకు నచ్చిన పని నేను చేసుకుంటుంటే నీకెందుకింత కడుపునొప్పి?

రెండు మొలకలు వచ్చాయంటే గుండెల మీంచి బరువు దిగింది. ఈపాటికి ఇంకా వచ్చి ఉండాలి. ఎన్ని వచ్చాయి? ఎంత పొడుగు? కొసలు తెల్లగా ఉన్నాయా, గోధుమరంగుకి తిరిగాయా? కొసలు రంగు మారితే కుళ్ళు మొదలైనట్టే, కాబట్టి అది బాగా చూసి రాయి. నువ్వెలాగూ చూడకుండా అక్షరం ముక్క రాయవు, ఆ ఒక్క గుణానికే నిన్ను నమ్మి అప్పగించాను.

అత్తయ్య కూర్చోడానికి రెండో అంతస్తులో ఒక స్టూలు పెట్టించు. తిట్టడానికి కాస్త ఓపిక వస్తుంది.

నీ గడుగ్గాయి

జూలై 13

గడుగ్గాయికి,

స్టూలు పెట్టించాను. ఇప్పుడు మూడో అంతస్తు పెద్దావిడ కూడా వచ్చి అక్కడే కూర్చుంటోంది. ఇద్దరూ కలిసి తిడుతున్నారు. నీ సలహాలు ఇలాగే ఉంటాయి.

నీ ప్రశ్నలకి జవాబులు. వేళ్ళు మూడు. పొడుగాటిది నా చిటికెనవేలి గోరంత. రెండింటి కొసలు తెల్లగా ఉన్నాయి, మూడోదానికి కొస లేదు, విరిగినట్టుంది. ఎందుకు విరిగిందో తెలీదు. ఆకులు మూడే మిగిలాయి. రెండు మెత్తబడి జావలా అయిపోతే తీసేశాను. చేపలకేం ఢోకా లేదు, నన్ను చూడగానే అద్దం దగ్గరికి వస్తున్నాయి.

మా పెద్దాయన నీ గురించి అడిగారు. వస్తుందనే చెప్పాను.

తోడెవరైనా ఉన్నారా? ఆదివారాలు ఏం చేస్తున్నావు? మొన్న రాసిన ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒంట్లో బాగాలేదా?

మామయ్య

ఆగస్టు 4

మామయ్యా,

అక్షరాలు వంకరగా ఉన్నది బస్సులో రాశాను కాబట్టి. జ్వరం లేదు, జలుబు లేదు, తోడు ఉన్నారు, ఆదివారాలు బట్టలు ఉతుక్కుంటాను. చాలా?

ఆకులు జావ అయిపోవడం ఏమిటి? నువ్వది వాతావరణ సమాచారంలా రాసి ఊరుకున్నావు, ఇక్కడ నాకు అన్నం సహించడంలేదు. ఉన్నది ఒక్కటే గడ్డ అని చెప్పానా లేదా? పోతే ఇంకోటి తెచ్చుకోడానికి అదేమన్నా కొట్లో దొరికే వస్తువా? ఎవరైనా తొట్టిలో చెయ్యి పెడుతున్నారా? అత్తయ్య ఆ గులకరాళ్ళు కడిగిందా? పక్కింటి పిల్లలు వస్తున్నారా? నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయేమో చూడు. వారానికోసారైనా వేళ్ళ సంగతి రాయి. చిన్న కార్డు చాలు. తెలియకపోతే నాకిక్కడ చేతులాడడంలేదు.

మా సూపర్‌వైజరమ్మ మొదటిసారి నవ్వింది. గుమ్మం పక్కన నిలువెత్తు తొట్టి ఖాళీ చేయిస్తున్నారు, అది ఎవరికిస్తారో అని అందరం కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తున్నాం. నాకే అని నా నమ్మకం. గడ్డ ఉంటేనే కదా ఆ నమ్మకానికి అర్థం!

నీ గడుగ్గాయి

ఆగస్టు 12

వేళ్ళు మూడు. కొత్తవి లేవు. తొట్టిలో ఎవరూ చెయ్యి పెట్టడంలేదు, పిల్లల్ని హాల్లోకే రానివ్వడంలేదు. అత్తయ్యనీ దగ్గరికి పోవద్దన్నాను.

మామయ్య

ఆగస్టు 19

వేళ్ళు రెండు. ఒకటి నల్లబడింది. ఆకు ఒకటి.

మామయ్య

ఆగస్టు 26

గడుగ్గాయికి,

వేరు ఒకటి. ఆకు లేదు. గడ్డ మాత్రం నొక్కితే గట్టిగానే ఉంది. చెప్పినవన్నీ చేశాను. నా చేతిలో ఇక ఏమీ లేదు. మొక్కన్నాక పోతుంది, మనసు కష్టపెట్టుకోకు.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకుండా విను. ఒక గడ్డని నమ్ముకుని ఎవరైనా బతుకు కట్టుకుంటారా? వచ్చెయ్యి. సీటు ఇంకా అలాగే ఉంది. నేను రోజూ దాని మీద దుమ్ము దులిపి వస్తున్నాను. నీ మంచం మీద పక్క కూడా మార్పించాను.

మామయ్య

సెప్టెంబరు 5

మామయ్యా,

ఒళ్ళు మండిపోతోంది, అయినా రాస్తున్నాను.

నేను వెళ్తానన్న రోజు నుంచీ నీకిష్టం లేదు. ప్రతి ఉత్తరంలో ఆ కుర్చీ, ఆ ఫ్యాను, ఆ కిటికీ! ఇప్పుడు ఆకులు పోయాయి, వేళ్ళు పోయాయి, వెంటనే పక్క మార్పించావు. ఊళ్ళో ఒక్క లిఫ్టు కింద పడకుండా చూసే మనిషివి, ఒక గడ్డని నీళ్ళలో కూర్చోబెట్టలేకపోయావంటే నేను నమ్మాలా? కావాలనే చేశావు. గడ్డ పోతే నాకిక్కడ తొట్టి రాదు, తొట్టి రాకపోతే తిరిగొస్తానని లెక్కేసుకున్నావు.

కాదని రాయి చూద్దాం. నిజంగా ఏం చేశావో రాయి.

(ఈసారి సంతకం పెట్టను.)

సెప్టెంబరు 14

మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. చదివాను. మీ అత్తయ్యకి చూపించలేదు, ఆవిడ బాధపడుతుందని.

ముప్ఫై ఏళ్ళు ఒక్క తప్పుడు సంతకం పెట్టని మనిషిని. నన్ను మా కాంట్రాక్టర్లు అనని మాట లేదు, కానీ మోసం చేశావని ఎవరూ అనలేదు. మా చెల్లెలు పోయాక నిన్ను ఈ చేతుల్తో పెంచాను, చివరికి నీచేత అనిపించుకున్నాను.

ఏం చేశావని అడిగావు కాబట్టి రాస్తున్నాను. వేళ్ళొచ్చాయా అని నువ్వు అడిగిన ప్రతిసారీ చొక్కా చేతులు పైకి మడిచి, సబ్బు లేకుండా కడుక్కుని, గడ్డని మెల్లగా బయటికి తీశాను. లైటు కింద పెట్టి, స్కేలు పక్కన పెట్టి చూశాను. కొసలు చూడమంటే భూతద్దం కూడా కొన్నాను. చూసింది చూసినట్టు నీకు రాసి, మళ్ళీ సగం పైకి ఉండేలా జాగ్రత్తగా పాతాను. వారం వారం రాయమన్నావు, వారం వారం తీశాను. నువ్వు అడగని రోజుల్లో కూడా నీ ఉత్తరం వస్తే సిద్ధంగా ఉండాలని ఒకటి రెండుసార్లు తీశాను. చూడకుండా బాగుందని రాయడం నాకు చేతకాదు. ఇంతకంటే శ్రద్ధగా ఎవరు చూస్తారో వాళ్ళకే అప్పగించుకో.

మామయ్య

సెప్టెంబరు 21

మామయ్యా,

తల గోడకేసి కొట్టుకోవాలో నవ్వాలో తెలీలేదు. ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. గదిలో నాతో ఉంటున్న అమ్మాయి భయపడింది.

పీకి చూస్తే వేళ్ళెలా వస్తాయి మామయ్యా? అది కుదురుకునే లోపే నువ్వు లేపుతున్నావు. వచ్చిన వేరు వచ్చినట్టే విరిగిపోతోంది. వేళ్ళు అద్దంలోంచి కనిపిస్తున్నాయి కాబోలు, నువ్వు బయట నుంచే చూసి రాస్తున్నావు కాబోలు అనుకున్నాను. చిటికెనవేలి గోరంత అని రాసినప్పుడైనా నాకు వెలగాల్సింది. వారం వారం రాయమని నీ ప్రాణం తీసింది నేనే. నువ్వు పీకావు, నేను పీకించాను. కావాలని చేశావన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాది, కాళ్ళు పట్టుకుంటాను.

కానీ కోపం పోలేదు. ఎందుకో చెప్తాను విను. నన్నూ ఇలాగే పెంచావు. పుస్తకాల కొట్లో నా మొదటి ఉద్యోగం గుర్తుందా? రోజూ సాయంత్రం వచ్చి యజమానిని "ఎలా చేస్తోంది?" అని అడిగేవాడివి. నెల తిరక్కుండానే ఆయన "నేను పనిలో పెట్టుకున్నది నిన్నా, మీ మామయ్యనా?" అని నన్ను ఇంటికి పంపేశాడు. సంగీతం నేర్చుకుంటే మాస్టారి గుమ్మంలో కూర్చున్నావు. నిద్రపోయానో లేదో చూడ్డానికి లేపేవాడివి మామయ్యా! ప్రేమ కాదని నేననను. నీ అంత ప్రేమ నాకెవరూ పంచలేదు. కానీ నేను ఇంత దూరం వచ్చింది చేపల కోసం మాత్రమే కాదు. నువ్వు రోజూ వచ్చి చూడలేని చోట ఒక్కసారి నిలబడి చూసుకోవాలని వచ్చాను.

ఇప్పుడు గడ్డ గట్టిగా ఉందన్నావు కదా. మళ్ళీ పాతు. ముట్టుకోకు. ఏం జరిగినా ముట్టుకోకు. నేను అడగను, నువ్వు రాయకు.

నీ గడుగ్గాయి

నవంబరు 9

గడుగ్గాయికి,

గడ్డ గురించి రాయొద్దన్నావు కాబట్టి దాని గురించి రాయడంలేదు.

నా గురించి రాస్తాను. చేతులు ఏం చేసుకోవాలో తెలీడంలేదు. పొద్దున లేవగానే తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడతాను. మీ అత్తయ్య వెనక నుంచి "చెయ్యి" అంటుంది. చెయ్యి వెనక్కి పెట్టుకుంటాను. సాయంత్రం కూడా అంతే. హాల్లో కుర్చీ అటు తిప్పి, తొట్టికి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాను. పేపర్లో ఏముందో ఒక్క ముక్కా ఎక్కడంలేదు. పోయిన వారం మీ అత్తయ్యే "అది కుళ్ళిపోయి ఉంటుంది, నీళ్ళు పాడవుతాయి, తీసి పారెయ్యండి" అంది. తియ్యలేదు. బతికుందో లేదో నాకు తెలీదు. తెలీకుండా ఒక వస్తువుని ఇంట్లో పెట్టుకోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి. తలప్రాణం తోకకొస్తోంది.

పుస్తకాల కొట్టు ఆయన దగ్గరికి వెళ్ళాను. అప్పుడు అలా అన్నారా అని అడిగాను. అన్నానన్నాడు. ఇంకా చాలా అనాల్సింది, మీ వయసు చూసి ఆగానన్నాడు. టీ ఇచ్చాడు. తాగి వచ్చాను.

నిద్రలో లేపడం మాత్రం రెండు మూడుసార్లే.

లిఫ్టుకి కొత్త రోప్ వేశారు. చూసి సంతకం పెట్టాను. అత్తయ్య మాట్లాడుతోంది. నాకు స్టూలు రోజులే బాగున్నాయి.

మామయ్య

డిసెంబరు 20

మామయ్యా,

వచ్చేసింది! గుమ్మం పక్కన నిలువెత్తు తొట్టి నాకే ఇచ్చారు. ఉద్యోగం ఖాయం చేశారు. సూపర్‌వైజరమ్మ తాళం చేతిలో పెట్టి "ఇక నీ ఇష్టం" అంది. ఆ మాట నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. తొట్టి వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చుకున్నాను.

అడగనని మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. కానీ మనం నోరు కట్టుకున్నా మిగతావాళ్ళకి నోళ్ళుంటాయి. గడ్డ ఆకులు వేసిందని అత్తయ్య రాసింది. చదివి మంచం మీద ఎగిరాను.

ఇప్పుడది కావాలి. నాకిక రూలు అడ్డు లేదు. మా వాహనం వచ్చే వారం మీ ఊరి మీదుగా వస్తుంది. డ్రైవరు ఇంటికి వస్తాడు. గడ్డని మెల్లగా తీసి, తడిబట్టలో చుట్టి, డబ్బాలో పెట్టి ఇచ్చెయ్యి. ఇన్నాళ్ళూ పీకొద్దని మొత్తుకున్నదాన్ని ఇప్పుడు పీకమంటున్నానని నవ్వకు. ఇది ఆఖరిసారి.

నీ గడుగ్గాయి

జనవరి 3

గడుగ్గాయికి,

మీ డ్రైవరు వచ్చాడు. మంచివాడు. కాఫీ ఇచ్చి పంపించేశాను. గడ్డ ఇవ్వలేదు.

అరవకు, ముందు చదువు. ఆకులు నీళ్ళ పైదాకా వచ్చి, అక్కడ చోటు చాలక అటూ ఇటూ వాలి పాకుతున్నాయి. చేపలు వాటి నీడలో పడుకుంటున్నాయి. వేళ్ళు ఎన్నో నాకు తెలీదు. మొదట్లో పట్టుకుంటే చేతికి వచ్చేసేది, ఇప్పుడు నీళ్ళు మార్చేటప్పుడు పైపు తగిలినా కదలడంలేదు, అందుకని ఉన్నాయనుకుంటున్నాను. డబ్బా తీసుకుని, చొక్కా చేతులు మడిచి, తొట్టి ముందు నిలబడ్డాను. డ్రైవరు గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. చెయ్యి నీళ్ళ దాకా వెళ్ళింది. అంతకంటే పోలేదు. కుదురుకున్నదాన్ని మళ్ళీ నా చేత్తో పీకలేను. తీస్తే చస్తుందో బతుకుతుందో నీకు తెలీదు, నాకూ తెలీదు. అక్కడి నీళ్ళు వేరు. నీ తొట్టి కోసమైనా సరే, నా వల్ల కాదు. నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు, మండనీ.

గడ్డ పక్కన చిన్నగా ఏదో పైకి తేలినట్టుంది. పిలకో, గులకరాయో. వేలు పెట్టి చూడలేదు. గులకరాయే అనుకో. ఈలోపు నీ తొట్టిలో ఇంకేదైనా పెట్టుకో. ఏం పెడతావని నేను అడగడంలేదు.

రికార్డుల సీటు ఇంకొకరికి ఇచ్చెయ్యమని పెద్దాయనతో చెప్పాను. ఎవరో అమ్మాయి చేరింది. నేను మధ్యలో వెళ్ళి ఎలా చేస్తోందని అడగడంలేదు. ఒక్కసారి వెళ్ళాను, ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి వచ్చేశాను.

నీ మంచం మీద పక్క తీయించాను. అక్కడ మీ అత్తయ్య బట్టలు ఆరేసుకుంటోంది. నువ్వు వచ్చినప్పుడు తీసేస్తుంది. ఎప్పుడొస్తావని రాసి కొట్టేశాను, పైన నల్లగా కనిపించేది అదే. తిన్నావా, పడుకుంటున్నావా, బూట్లు ఆరుతున్నాయా అని రాసినవి కూడా కొట్టేశాను. అందుకే ఈ కాగితం ఇంత మురికిగా ఉంది. మళ్ళీ రాయాలంటే మళ్ళీ అవే వస్తాయి, ఇలాగే పంపుతున్నాను.

నిన్ను అక్కడి నుంచి కదపను. నువ్వు రాస్తే చదువుకుంటాను. రాయకపోతే, బాగున్నావనుకుంటాను.

మామయ్య